గుట్ట మీది వెచ్చని అరుగు

మార్చి 4, మంగళవారం

‘కుటుంబమంతా కలిసి ప్రకృతి నడక’ అట. ఎక్కడయ్యా అంటే మా గుట్ట మీద. ఆకుపచ్చ అక్షరాలు, మూలన ఒక కప్ప బొమ్మ, కింద ‘దారి చూపేది సోలెన్’. ఇంటిపేరు లేదు, ఊరందరికీ మేనత్త అయినట్టు. లిజోన్ బడి నుంచి వస్తూ ఆ కాగితాన్ని నా దుకాణం అద్దానికి అంటించింది. నేను ఒక పెద్దావిడ తలకి రంగు వేస్తున్నాను, చేతులు ఖాళీ లేవు. ఉంటే అప్పుడే పీకేసేదాన్ని.

వందేళ్ళ పాటు గనిలోంచి బొగ్గు ఏరుకుని, పనికిరాని రాళ్ళూ మట్టీ తెచ్చి పారబోస్తే అయిన గుట్ట అది. చెత్తకుప్ప. గని మూసేసినప్పుడు నాకు పదకొండేళ్ళు. అప్పటిదాకా ఆ కుప్ప వైపు కన్నెత్తి చూసిన పెద్దమనిషి లేడు. ఇప్పుడు దాని మీద రెండు కప్పలూ నాలుగు పూలూ దొరికాయని పట్నం వాళ్ళు టోపీలు పెట్టుకుని వస్తున్నారు.

“అమ్మా, నువ్వూ రావాలి. కుటుంబమంతా అని రాసుంది కదా” అంది లిజోన్.

“నీ కుటుంబంలో ఎవరెవరున్నారో ముందు తేల్చుకో” అన్నాను. పన్నెండేళ్ళ పిల్లతో అనవలసిన మాట కాదు. పెద్దావిడ అద్దంలోంచి నన్ను చూసింది. ఆవిడ రంగు కాస్త ఎక్కువసేపు ఉంచాను.

మార్చి 5, బుధవారం

నేను వెళ్ళను.

మార్చి 9, ఆదివారం

మధ్యాహ్నం భోజనం పక్కింట్లో, అమ్మ దగ్గర. మా గని కాలనీలో ఇళ్ళన్నీ ఒకే గోడకి అతుక్కుని ఉంటాయి కాబట్టి, పక్కిల్లంటే అమ్మ దగ్గితే నాకు వినపడేంత దూరం. లిజోన్ వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళింది. అమ్మ కుందేలు వండింది. అడగకుండానే మొదలెట్టింది.

“ఏమే నదేజ్, నీ మొగుడు ఉంచుకున్నది గుట్ట మీద పెత్తనం చేస్తోందట కదా?”

“మాజీ మొగుడు, అమ్మా. ఉంచుకోలేదు, కలిసి ఉంటున్నారు.”

“ఏదైతేనేం. ఆ గుట్ట దుమ్ము పడి ఆరేసిన దుప్పట్లు నల్లబడితే మళ్ళీ ఉతుక్కుని ఏడ్చింది నేను. మీ నాన్న ఊపిరితిత్తుల నిండా ఆ దుమ్మే. సముద్రం ఒడ్డున చేపలు తిని పెరిగిన మనిషి వచ్చి మనకి మన గుట్ట చూపిస్తుందా? నువ్వు వెళ్ళు. వెళ్ళి, గుట్ట ఎవరిదో ఆ పిల్లకి చూపించు.”

ఆ పిల్లకి అంటే లిజోన్‌కి.

నా మాజీ మొగుడు లుడో కోర్టులో అర్జీ పెట్టాడు. ఇప్పుడు లిజోన్ వారమంతా నా దగ్గర, శని ఆదివారాలు అతని దగ్గర. దాన్ని తిరగెయ్యమంటాడు. జూన్‌లో జడ్జి పిలుస్తారు. పిల్లకి ఊహ తెలిసింది కాబట్టి ఎవరి దగ్గర ఉంటావని దాన్నీ అడుగుతారట. కాపురం చేసినన్నాళ్ళూ నా పుట్టినరోజు తేదీ సరిగ్గా చెప్పలేని మనిషికి, ఇల్లు వదిలిన రెండేళ్ళకి ఉన్నట్టుండి తండ్రి ప్రేమ పొంగుకొచ్చింది. లుడో బుర్ర కాదు ఇది. లుడోకి బుర్ర ఉంటే నాకు తెలిసేది.

నా భయమల్లా ఒక్కటే. అన్నం దగ్గర లిజోన్ నోట ‘సోలెన్ చెప్పింది’ అనే మాట రాని పూట లేదు. ఆ పిట్ట పేరు సోలెన్ చెప్పింది, ఆ నాచు సోలెన్ చూపించింది. నేను పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడి జుట్లు కత్తిరించి, ఇంటికొచ్చి బంగాళాదుంపలు వేయించి పెడితే, ఆ పళ్ళెం ముందు కూర్చుని సోలెన్ పారాయణం. లిజోన్ వెళ్ళిపోతే నాకింక మిగిలేది దుకాణం, గోడ అవతల అమ్మ దగ్గు. లిజోన్ నన్ను వదిలి పోకూడదు. దాన్ని పోనివ్వను.

మార్చి 12, బుధవారం

బూట్లు కొన్నాను. నడక కోసం కాదు. పాతవి నీళ్ళు పీలుస్తున్నాయి.

మార్చి 16, ఆదివారం

వెళ్ళాను. చూశాను. రాస్తున్నాను.

ఐదారు కుటుంబాలు వచ్చాయి. ఒకాయన మెడలో దుర్భిణి, ఒకావిడ వీపు మీద పసిపిల్లాడు, అందరి ఒంటి మీదా కొత్త వాన కోట్లు. వాన లేదు. లుడో కాఫీ ఫ్లాస్కులున్న సంచి మోస్తున్నాడు. నాతో ఉన్నన్నాళ్ళూ బజారు సంచి పట్టుకుంటే భుజం పీకేస్తుందన్న మనిషి. నన్ను చూసి “వచ్చావా” అన్నాడు. “లేదు, ఇంట్లోనే ఉన్నాను” అన్నాను.

సోలెన్ నేను అనుకున్నంత అందగత్తె కాదు. చెవులు పెద్దవి. జుట్టు తనే కత్తిరించుకుంటుందనుకుంటాను, వెనక ఎలక కొరికినట్టుంది. ప్రతి మొక్క ముందూ మోకాళ్ళ మీద కూర్చుంటుంది, చర్చిలో కూర్చున్నట్టు. ఒక పుల్లాకు చూపించి, ఇది ఇక్కడిది కాదనీ, గని లోపల ఆసరాకి పెట్టే దుంగలతో పాటు దక్షిణాది కొండల నుంచి వచ్చిందనీ చెప్పింది. అందరూ తుంపుకుని నమిలి మొహాలు చిట్లించి నవ్వారు. మా అమ్మ ఈ ఆకుతోనే సూపు కాచేది, ఎవరూ మోకాళ్ళ మీద కూర్చోలేదు. ఒక ఆపిల్ చెట్టు దగ్గర ఆగి, ఎవరో కార్మికుడు తిని పారేసిన గింజ రాళ్ళతో పాటు పైకొచ్చి మొలిచిందంది. దుర్భిణి ఆయన “అద్భుతం” అన్నాడు. ఎంగిలి గింజ ఆయనకి అద్భుతం.

పైకి సగం దూరం ఎక్కాక గుడ్డలోంచి రొట్టె ముక్కలు తీసి పిల్లలకి పంచింది. “గని దిగిన నాన్నలు తమ రొట్టెలో చివరి ముక్క తినకుండా దాచి ఇంటికి తెచ్చేవాళ్ళు. దారిలో భరతపక్షి ఇచ్చిందని పిల్లలకి చెప్పేవాళ్ళు. ఆ ముక్క కోసం పిల్లలు గుమ్మంలో కాచుకుని ఉండేవాళ్ళు” అంది.

ఇక నేను ఆగలేకపోయాను. “మా నాన్న తెచ్చిన ముక్క నల్లగా ఉండేది. రాయిలా ఎండిపోయి, చెమట వాసన వేసేది. మీరు దీనికి జామ్ రాశారేంటి?”

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. సోలెన్ కళ్ళు పెద్దవి చేసుకుని “నిజంగానా? మీరు తిన్నారా? ఇంకా చెప్పండి నదేజ్ గారూ, నాకు విన్నదే తప్ప తెలీదు” అంది. ఇలాంటి మనిషిని ఏం చేస్తాం? చెంపదెబ్బ కొడితే చెయ్యి ఎంత వెచ్చగా ఉందో రాసుకునే రకం. లిజోన్ నా వైపు కొత్తగా చూసింది. “నాకెప్పుడూ చెప్పలేదేం అమ్మా?” అంది. ఆ ఒక్క క్షణం బాగుంది.

అక్కడి నుంచి దక్షిణం వైపు వాలుకి అడ్డంగా తాడు కట్టి ఉంది. “ఈ తాడు దాటి ఎవరూ వెళ్ళొద్దు. గుట్ట లోపల మిగిలిన బొగ్గు ఇంకా మండుతోంది. పైకి పచ్చగా కనపడ్డా నమ్మకండి” అని రెండుసార్లు చెప్పింది. గుట్ట మండుతుందని నాకు చెబుతోంది! ఈవిడ బొమ్మల పుస్తకంలో తప్ప గుట్టని చూడని రోజుల్లో నేను అట్టముక్క మీద కూర్చుని దాని పైనుంచి కిందకి జారాను.

తరవాత లిజోన్ కాలు కాలింది. చీలమండ దగ్గర, కొంచెం. ఆస్పత్రిలో కట్టు కట్టారు. ఊరి పిల్లలకి దారి చూపిస్తానని బయల్దేరిన మనిషికి పిల్లల్ని కనిపెట్టుకోవడం రాదు.

ఈ రోజుకి చాలు.

మార్చి 17, సోమవారం

దుకాణానికి సెలవు. కట్టు మార్పించాను. మచ్చ ఉండిపోతుందన్నాడు డాక్టరు. ఎలా జరిగిందని అడిగితే నాకంటే ముందు లిజోన్ అందుకుంది. “నేనొక్కదాన్నే తాడు దాటి వెళ్ళాను. అమ్మ వెతుక్కుంటూ వచ్చి లాగింది.” నిన్న వాళ్ళ నాన్నకీ అదే చెప్పింది, సోలెన్‌కీ అదే. ఒక్క మాట అటూ ఇటూ కాలేదు, బడిలో పద్యం అప్పజెప్పినట్టు.

పిల్లలన్నాక తాళ్ళు దాటుతారు.

మార్చి 19, బుధవారం

నేను తప్ప ఇంకెవరూ చదవని దాంట్లో కూడా కథలు రాస్తే ఇక రాయడం దేనికి?

సోలెన్ ఏదో కప్ప బొరియ చూపిస్తుంటే అందరూ దాని చుట్టూ మూగారు. నేను లిజోన్ చెయ్యి పట్టుకుని లాగాను. “రావే, అసలైనది నేను చూపిస్తా” అన్నాను. తాడు ఎత్తి పట్టుకున్నది నేను. దాని కింద నుంచి దూరింది అది.

మా చిన్నప్పుడు ఆ వాలు మధ్యలో చదునుగా ఒక చోటు ఉండేది. దాన్ని అరుగు అనేవాళ్ళం. ఊరంతా మంచు పడ్డా అరుగు మీద నిలిచేది కాదు. చలికాలం బడి అయ్యాక అక్కడికెళ్ళి కూర్చునేవాళ్ళం, వంటింట్లో పొయ్యి పక్కన కూర్చున్నట్టు వెచ్చగా ఉండేది. నిప్పు బాగా కింద, ఎడమ పక్కకి ఉండేది. పొగ అక్కడి నుంచి వచ్చేది. పిల్లలందరికీ తెలుసు, ఎవరూ అటు పోయేవాళ్ళం కాదు. నాకు నా చెయ్యి తెలిసినంత బాగా తెలుసు ఆ చోటు.

ఈసారి ఎడమ పక్క పొగ లేదు. అరుగు మీద మాత్రం నాచు పచ్చగా, మెత్తగా ఉంది. ఎందుకలా ఉందని నేను ఆగి ఆలోచించలేదు. “ఇక్కడికి ఏ సోలెనూ నిన్ను తీసుకురాలేదు కదా” అన్నాను. లిజోన్ నవ్వి, రెండు కాళ్ళతో ఒక్క గెంతు గెంతింది. ఒక కాలు పిక్క దాకా దిగిపోయింది.

లాగాను. దాని బూటు అడుగు కరిగి సాగింది. ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. ముప్ఫై ఐదేళ్ళుగా నిప్పు లోపల్లోపలే జరుగుతూ అరుగు కిందికి వచ్చేసింది. నా చిన్నతనంతో దానికేం పని?

అది ఏడవలేదు. పళ్ళు బిగబట్టి, “నేనొక్కదాన్నే వచ్చానని చెబుతా. జడ్జికి తెలిస్తే నీకు కష్టం” అంది.

వద్దని అనలేదు నేను. ఎత్తుకుని తాడు వైపు నడిచాను. వద్దని అనలేదు.

మార్చి 21, శుక్రవారం

ఊళ్ళో వార్త నా దుకాణంలోకి రాకుండా ఎక్కడికి పోతుంది? నడకలు ఆపేశారట. సోలెన్‌ని కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోమన్నారట. పిల్ల ఎప్పుడు వెళ్ళిందో చూసుకోలేదు, తప్పు నాదే అని నడకలు జరిపే సంఘం అధ్యక్షుడి ముందు తనే ఒప్పుకుందట. అలా ఒప్పేసుకునే మనుషులంటే నాకు ఇంకా చిరాకు. కనీసం పోట్లాడొచ్చు కదా.

ఇద్దరు ముగ్గురు “పాపం మీ అమ్మాయి” అన్నారు. “ఇలాంటి వాళ్ళ చేతికి పిల్లల్ని ఎలా ఇస్తారో” అన్నారు. నేను తల ఊపాను. ఇది జడ్జి దాకా వెళితే నాకే మంచిదని లాయరు ఫోనులో చెప్పింది. బాగుంది. అంతా బాగుంది.

మార్చి 23, ఆదివారం

అమ్మ మళ్ళీ కుందేలు. “నేను ముందే అన్నాను. గుట్ట మనవాళ్ళని ఏమీ చెయ్యదు. పిల్ల ఒక్కత్తే పోబట్టి ఇలా అయింది గానీ, నువ్వు పక్కనుంటే అయ్యేదా?”

“అయ్యేది కాదు” అన్నాను.

కుందేలు సగం వదిలేశాను. మిరియాలు ఎక్కువ వేసింది.

మార్చి 25, మంగళవారం

లిజోన్ అన్నం దగ్గర మాట్లాడ్డం మానేసింది. సోలెన్ పేరు కూడా ఎత్తడం లేదు. నేను కోరుకున్నది ఇదే కదా. ఫ్రైలు తిని, పళ్ళెం కడిగి, నా మొహం కేసి కాసేపు చూసి వెళ్ళిపోతోంది. రోజూ అలా చూస్తోంది. ఏమిటే అంటే ఏం లేదంటుంది.

మార్చి 26, బుధవారం

సోలెన్ దుకాణానికి వచ్చింది.

బుధవారం కదా, బడి మధ్యాహ్నమే వదిలేశారు, లిజోన్ స్నేహితురాలింటికని చెప్పి పోయింది. దుకాణంలో ఎవరూ లేరు. “జుట్టు కత్తిరించాలండి, మీకు వీలుంటే” అంది. లేదనడానికి కుర్చీలన్నీ ఖాళీ. కూర్చోబెట్టి తల కడిగాను. తల కడిగేటప్పుడు ఎవరైనా సరే కళ్ళు మూసుకుని మెడ నా చేతుల్లో వదిలేస్తారు. ఆవిడా వదిలేసింది. సిగ్గులేని మనిషి.

కళ్ళు మూసుకునే అంది. “ఆ వేళ లిజోన్‌తో ఎవరున్నారో నాకు తెలుసు నదేజ్ గారూ.”

నీళ్ళు కట్టేశాను.

“మీ బూట్లు కొత్తవి. దాన్ని ఎత్తుకుని వస్తుంటే చూశాను, ఒకదాని అంచు కరిగిపోయి ఉంది. వెతుక్కుంటూ వచ్చి ఒక్క లాగు లాగితే అలా కరగదు. దాంతో పాటే చాలా దూరం లోపలికి నడిచారు మీరు.”

“మరి చెప్పలేదేం మీ అధ్యక్షుడికి?”

“చెబితే లిజోన్ అబద్ధమాడిందని తేలుతుంది. లుడో ముందు, రేపు జడ్జి ముందు. దాన్ని ఆ ఇరకాటంలో ఎలా పెడతాను?”

“నామీద జాలి పడక్కర్లేదు మీరు.”

కళ్ళు తెరిచి నా మొహం చూసింది. నిజంగానే ఆశ్చర్యపోయింది. “మీ మీదా? మీ గురించి నేనసలు ఆలోచించలేదండి.”

ఈ రెండేళ్ళలో నేను ఆవిడని అన్నవన్నీ, అనుకున్నవన్నీ ఒక పక్క పెట్టినా ఈ మాటకి సరితూగవు. పైగా అది తిట్టు కూడా కాదు.

“ఇంకేం కావాలి మీకు?” అన్నాను.

“ఆ చోటు. నేల ఎక్కడ కుంగిందో సరిగ్గా ఆ చోటు కావాలి. వాలంతా తిరిగాను, రాళ్ళు జారి మూసుకుపోయినట్టుంది, దొరకలేదు. లిజోన్‌ని అడిగితే గుర్తులేదంటోంది. ఇప్పుడు సెలవులొస్తాయి, పిల్లలు ఎక్కుతారు.”

“తాడు ఉందిగా.”

“ఉంది. దాటేవాళ్ళూ ఉన్నారు.” తడి జుట్టు వెనక్కి తోసుకుని, “మీరు చూపిస్తే మీరే తీసుకెళ్ళారని తేలిపోతుంది కాబట్టి మిమ్మల్ని అడగలేను. అందుకే జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చాను” అంది.

కత్తిరించాను. ఎలక కొరికిన వెనక భాగమంతా సరిచేశాను, చెవులు పెద్దవని తెలియకుండా పక్కలు దింపాను. పగబట్టి బాగా కత్తిరించాను. అద్దంలో చూసుకుని “ఎంత బాగుందో” అంది. అదొక్కటే తక్కువైంది నాకు.

మార్చి 27, గురువారం

ఆ గుట్ట ఎక్కడానికి నాకేం పట్టింది?

మార్చి 29, శనివారం

అమ్మ పెరట్లోంచి నాలుగు కర్రలు పట్టుకెళ్ళాను. దుకాణంలో పాత ఎర్ర తువ్వాలు చింపి పీలికలు చేశాను. చోటు నాకు తెలుసు. వెళ్ళి కర్రలు పాతి, పీలికలు కట్టి వచ్చేస్తే సరి. ఎవరు పాతారో ఎవరికి కావాలి? ఒకరికి చెప్పేది లేదు, ఒకరి ముందు తల దించేది లేదు. నా తెలివికి దారంతా నన్ను నేనే మెచ్చుకుంటూ ఎక్కాను.

అరుగుకి కాస్త పైన, గట్టి రాయి మీద, కాలికి కట్టుతో, చేతిలో ఒక పుల్ల పట్టుకుని లిజోన్ కూర్చుని ఉంది.

“ఇక్కడేం చేస్తున్నావే? మీ నాన్న దగ్గర కదా ఉండాలి?”

“నాన్న సంతకెళ్ళాడు. కాపలా కాస్తున్నా.”

“దేనికి?”

పుల్లతో అరుగు వైపు చూపించింది. “ఇందాక ఇద్దరు పిల్లలు జారడానికి అట్టముక్క తెచ్చారు. తిట్టి తరిమేశా. పెద్దవాడు నన్ను కుంటిదానా అన్నాడు. తర్వాత ఒకాయన కుక్కతో వచ్చాడు, చెబితే నమ్మలేదు గానీ పక్కనుంచి వెళ్ళాడు.”

“ఎన్నిసార్లు వచ్చావు ఇలా?”

“పోయిన శనివారం. మొన్న బుధవారం నువ్వు దుకాణంలో ఉన్నప్పుడు. బడి ఉన్న రోజులు రాలేను కదా. ఆ రోజుల్లో ఎవరైనా పడతారేమోనని...” అంటూ ఆపేసింది.

“చోటు సోలెన్‌కి చూపించేస్తే పోయేది కదే.”

“ఎలా చూపిస్తాను? తాడు నుంచి ఇంత దూరం, రాళ్ళ వెనకాల. నా అంతట నేను ఇక్కడికి ఎలా వస్తాను? అరుగు సంగతి తెలిసినవాళ్ళు తీసుకొస్తే తప్ప రాలేనని ఎవరికైనా తెలిసిపోతుంది.” పుల్ల విరిచి పారేసింది. “రోజూ చూశానమ్మా. ఈ రోజు చెబుతావు, ఈ రోజు చెబుతావు అని.”

అన్నం దగ్గర అది నా మొహంలో వెతికింది అదన్నమాట.

కర్రలు అక్కడే పడేశాను. ఫోను తీశాను. ఆవిడ నంబరు నా దగ్గర ఉందని కూడా ఒప్పుకోవాలి, ఉంది. “సోలెన్ గారా? నదేజ్‌ని. గుట్ట మీదున్నాను. ఆ వేళ నేనూ లిజోన్ నిలబడ్డ చోట ఉన్నాను. నేను తీసుకొచ్చాను దాన్ని. రండి, చూపిస్తాను” అన్నాను. గొంతు చాలా పొగరుగా వచ్చింది. అలా వచ్చినందుకు నాకు సంతోషమే. ఎవరి దయా అక్కర్లేదు నాకు, ముఖ్యంగా నా గురించి అసలు ఆలోచించని మనిషిది.

ఇద్దరూ వచ్చారు. లుడో సంత సంచీతోనే పరిగెత్తుకొచ్చాడు, లోపల్నుంచి ఉల్లికాడలు వేలాడుతున్నాయి.

“నువ్వా? నువ్వా తీసుకొచ్చింది?”

“నేనే.”

“మూడు వారాల నుంచి సోలెన్...”

“రెండు వారాలు. లెక్క కూడా రాదు నీకు.”

సోలెన్ మా ఇద్దరి మాటా వినడం లేదు. పడుకుని, చెయ్యి చాచి, ఇనుప ఊచ ఒకటి నాచులోకి గుచ్చింది. అది పిడి దాకా దిగిపోయింది. పైకి తీస్తే కొస నుంచి సన్నగా పొగ. లేచి మట్టి దులుపుకోకుండానే నా ఎర్ర పీలికలు తీసుకుని కట్టడం మొదలెట్టింది. అడగలేదు కూడా, అవి నావి.

ఏప్రిల్ 2, బుధవారం

లుడో ఫోనులో అరిచాడు. లాయరు ఫోనులో నిట్టూర్చింది. సంఘం అధ్యక్షుడు మళ్ళీ నడకలు మొదలుపెడతారట. కొత్త కాగితం మీద కప్ప ఇంకాస్త పెద్దదయింది.

అమ్మ అయితే గోడ తట్టి మరీ పిలిచింది. “ఎందుకు చెప్పావే? అడిగిందెవరు? జడ్జి చేతికి కర్ర ఇచ్చి మరీ వంగున్నావు కదే.”

“గుట్ట మనవాళ్ళని కూడా కాలుస్తుందమ్మా” అన్నాను.

“నోర్ముయ్” అంది. కాసేపటికి గిన్నెలో సూపు పంపింది. పుల్లాకు సూపు.

జూన్ 18, బుధవారం

జడ్జి చిన్న వయసు మనిషి, గోళ్ళు కొరుక్కున్నవి. అలాంటి చేతుల్లో పెట్టారు నన్ను. లిజోన్‌ని విడిగా లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడింది. కారిడార్‌లో బెంచీకి ఆ చివర లుడో, ఈ చివర నేను. సోలెన్ రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేది.

బయటికొచ్చాక లిజోన్ నేరుగా నా దగ్గరికే వచ్చింది. “నాన్న దగ్గర ఉంటానని చెప్పా.”

“కాలు గురించా?”

“కాదు.”

“సోలెన్ గురించా?”

“కాదమ్మా.”

“అన్నీ చెప్పేశాను కదే. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు, నేనే చెప్పాను కదా.”

“చెప్పావు. అందుకే నేనూ నిజం చెబుతున్నా.” కళ్ళు తుడుచుకుంది. “నాన్న దగ్గర నేనెవర్నీ వెనకేసుకు రానక్కర్లేదు.”

 

జూలై 5, శనివారం

బడి నిన్నటితో అయిపోయింది. ఇక బుధవారం మధ్యాహ్నాలూ, వారం విడిచి వారం శని ఆదివారాలూ నావి. తక్కినవి వాళ్ళవి.

లుడో కారు కడిగించి తెచ్చాడు, పెళ్ళికొడుకులా. లోపలికి రమ్మని నేను అనలేదు, వస్తానని అతనూ అనలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి లిజోన్ చేతిలో చక్కెర రొట్టె సగం పెట్టి, “అక్కడ పెట్టేది గడ్డే కదా, ఆకలేస్తే రా” అంది.

లిజోన్ గదిలో బట్టలు సర్దుకుంటుంటే నేను తలుపు దగ్గర నిలబడ్డాను. సాయం చేస్తానంటే వద్దంది. చొక్కాలు మడతపెట్టడం కూడా రాదు, ఉండ చుట్టి కుక్కుతోంది. చీలమండ మీద మచ్చ గులాబీ రంగులో మెరుస్తోంది, నాణెమంత ఉంది.

“అమ్మా, నామీద కోపం వచ్చిందా?”

“ఛ. కోపమెందుకు? నాకేం కోపం లేదు.”

చొక్కా పట్టుకుని ఆగి నన్ను చూసింది. అన్నం దగ్గర చూసినట్టే చూసింది. ఇదివరకైతే ‘సరేలే అమ్మా’ అనేది. నా మాట నమ్మినట్టు మొహం పెట్టి, నన్ను గట్టెక్కించి పంపేది.

“వచ్చింది” అంది. జిప్పు లాగి, సంచీ భుజానికి తగిలించుకుని నా పక్కనుంచి మెట్లు దిగింది.